సొంత ఫ్యాబ్: ఇంటెల్‌కి బలమా, బరువా?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం 'ఒక చిప్ తయారీ కంపెనీ: పోటీలో దాని బలాలు, బలహీనతలు'. ఏ కంపెనీ అన్నది నా ఇష్టానికే వదిలేశారు. ఎన్విడియా గురించి చెబుతానని వచ్చినవాళ్లు ఉంటే క్షమించాలి. గెలుస్తున్న కంపెనీ గురించి మాట్లాడటం తేలిక, అది ఏం చేసినా ముందుచూపులాగే కనిపిస్తుంది. మూతపడిన కంపెనీ గురించి మాట్లాడటం ఇంకా తేలిక, అది ఏం చేసినా తప్పులాగే కనిపిస్తుంది. ఇంటెల్ ఈ రెండింటికీ మధ్య ఊగిసలాడుతోంది. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

నా ఉద్యోగం చిప్ వెరిఫికేషన్. డిజైన్‌లో తప్పులుంటే అది ఫ్యాక్టరీకి వెళ్లకముందే పట్టుకోవాలి. నేను మార్కెట్ నిపుణుణ్ని కాను. అందుకని షేరు ధరల వైపు నుంచి కాకుండా సిలికాన్ వైపు నుంచే ఎక్కువ మాట్లాడతాను.

ముందు ఒక లెక్క. 2024లో ఇంటెల్ అమ్మకాలు సుమారు 5,310 కోట్ల డాలర్లు. అదే ఏడాది నష్టం సుమారు 1,880 కోట్ల డాలర్లు. ఆ నష్టంలో చాలా భాగం ముందుముందు వాడుకోవచ్చనుకున్న పన్ను మినహాయింపులు, పాత యంత్రాలు, గతంలో కొన్న కంపెనీల విలువల్ని ఖాతా పుస్తకాల్లో తగ్గించి రాసుకోవడం వల్ల వచ్చిందే అనుకోండి. అయినా వింత చూడండి. ఆ ఏడాది కూడా కొత్తగా అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో సగానికి పైగా ఇంటెల్ ప్రాసెసర్‌తోనే వచ్చాయి. మార్కెట్లో అందరికంటే ఎక్కువ అమ్మేవాడు నష్టాల్లో ఎందుకున్నాడు? కంపెనీ ఫ్యాక్టరీ విభాగం లెక్కల్ని విడిగా చూపించడం మొదలుపెట్టాక జవాబు బయటపడింది. చిప్‌లు డిజైన్ చేసి అమ్మే విభాగాలకు లాభాలు. తయారీ విభాగానికి మాత్రం 2023లో సుమారు 700 కోట్ల డాలర్ల నష్టం, 2024లో దాదాపు దానికి రెట్టింపు.

ఒకప్పుడు అదే తయారీ విభాగాన్ని చూసి మిగతా కంపెనీలన్నీ భయపడేవి. అది అలా ఎలా తిరగబడిందో అర్థం కావాలంటే ఒక వేఫర్‌ని దగ్గరగా చూడాలి.

వేఫర్ అంటే 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పల్చటి సిలికాన్ బిళ్ల. దాదాపు అడుగు వెడల్పు, అద్దంలా మెరుస్తుంది. అత్యాధునిక ఫ్యాబ్‌లో, అంటే చిప్ ఫ్యాక్టరీలో, అది వెయ్యికి పైగా దశలు దాటి చిప్‌గా బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. మీ చిప్ వైశాల్యం 100 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక వేఫర్ మీద అలాంటివి ఆరు వందల పైచిలుకు పడతాయి. ఇప్పుడు ఆ ఫ్యాబ్‌లో ప్రతి చదరపు సెంటీమీటరుకి సగటున ఒక లోపం ఉందనుకోండి. లెక్క వేస్తే నూటికి 37 చిప్‌లే పనిచేస్తాయి. లోపాల్ని పదో వంతుకి తగ్గిస్తే నూటికి 90 పనిచేస్తాయి. దీన్నే మేము యీల్డ్ అంటాం. వేఫర్ అదే, యంత్రాలు అవే, కరెంటు బిల్లు అదే. మొదటివాడికి ఒక్కో మంచి చిప్ మీద పడే ఖర్చు రెండోవాడి కంటే రెండింతలు దాటుతుంది.

మరి లోపాలు ఎలా తగ్గుతాయి? పుస్తకాలు చదివితే తగ్గవు. వేఫర్లు నడిపితేనే తగ్గుతాయి. చచ్చిన ప్రతి చిప్‌నీ మైక్రోస్కోప్ కింద పెట్టి, ఏ దశలో, ఏ యంత్రంలో, ఏ పొరలో తేడా వచ్చిందో వెతకాలి. ఎవడు ఎక్కువ వేఫర్లు నడిపితే వాడికి ఎక్కువ శవపరీక్షలు దొరుకుతాయి, వాడే తొందరగా నేర్చుకుంటాడు. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, తర్వాత నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పీసీల కాలంలో అత్యాధునిక వేఫర్లు అందరికంటే ఎక్కువగా నడిపింది ఇంటెల్. దాని వెనక కొంత అదృష్టం కూడా ఉంది. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కి ఇంటెల్ 8088ని ఎంచుకుంది. ఒక్క సరఫరాదారుని నమ్ముకోలేమని ఐబీఎం పట్టుబట్టడంతో ఇంటెల్ తన డిజైన్‌ని ఏఎండీ అనే ఇంకో చిప్ కంపెనీకి కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఈనాటి పోటీదారుణ్ణి ఇంటెల్ ఆ రోజున తన చేత్తోనే తయారు చేసుకుందన్నమాట. 1985లో 386 వచ్చేసరికి మాత్రం ఇక ఎవరికీ ఇచ్చేది లేదంది. లాభాల శాతం పెరిగింది అక్కడి నుంచే.

అదే 1985లో ఇంటెల్ మెమరీ చిప్‌ల వ్యాపారం వదిలేసింది. 1968లో రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ కంపెనీ పెట్టింది అసలు మెమరీ కోసమే. జపాన్ కంపెనీలు మంచి యీల్డ్‌తో, తక్కువ ధరకి అమ్ముతుంటే నష్టాలు మొదలయ్యాయి. అప్పుడు కంపెనీ ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ మూర్‌ని అడిగాడట: మనల్ని తీసేసి కొత్త సీఈవోని పెడితే అతను ఏం చేస్తాడు? మెమరీ నుంచి బయటపడతాడు అన్నాడు మూర్. అయితే మనమే తలుపు దాటి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి ఆ పని చేస్తే సరిపోదా అన్నాడు గ్రోవ్. ఈ కథని ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. కానీ నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. లాభం తక్కువున్న వ్యాపారం మనకొద్దు అన్న అలవాటు కూడా ఆ కంపెనీ ఒంటికి అప్పుడే పట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అలవాటే కొంప ముంచింది. అక్కడికి వస్తాను.

మధ్యలో మా వృత్తి కథ ఒకటి చెప్పుకోనివ్వండి. 1991లో 'ఇంటెల్ ఇన్‌సైడ్' ప్రచారం మొదలైంది. కంప్యూటర్ డబ్బా లోపల కనపడని ఒక భాగానికి డబ్బా బయట స్టిక్కర్! మామూలు జనం చిప్ పేరు చూసి కంప్యూటర్ కొనడం మొదలుపెట్టారు. 1993లో పెంటియం వచ్చింది. మరుసటి ఏడాది థామస్ నైస్లీ అనే గణిత ప్రొఫెసర్ తన ప్రధాన సంఖ్యల లెక్కల్లో తేడా గమనించాడు. ఎక్కడో వెతుక్కుంటూ పోయి చివరికి తప్పు ప్రాసెసర్‌దే అని తేల్చాడు. 41,95,835ని 31,45,727తో భాగిస్తే 1.33382 రావాలి. ఆ చిప్ 1.33373 అని చెప్పేది. భాగహారం తొందరగా చెయ్యడానికి చిప్ లోపల ఒక పట్టిక ఉంటుంది, అందులో 1,066 గడులు నిండాలి. ఐదు గడులు ఖాళీగా ఉండిపోయాయి. అంతే. ఐదు గడులు! మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి కథ ఇదే.

మామూలు వాడకంలో ఇది 27 వేల ఏళ్లకోసారి తగులుతుందని ఇంటెల్ మొదట వాదించింది. అవసరమని నిరూపించుకున్నవాళ్లకే చిప్ మారుస్తామంది. లెక్క ప్రకారం ఆ మాట తప్పు కాకపోవచ్చు. కానీ స్టిక్కర్ చూసి కొన్నవాడితో ఇంజనీర్ భాషలో మాట్లాడితే వింటాడా? ఐబీఎం తన పెంటియం కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. చివరికి అడిగినవాళ్లందరికీ మారుస్తామని ఒప్పుకుని ఇంటెల్ 47.5 కోట్ల డాలర్ల ఖర్చు రాసుకుంది. ఆ తర్వాత గణితపరంగా డిజైన్‌ని నిరూపించే ఫార్మల్ వెరిఫికేషన్ మీద బాగా ఖర్చుపెట్టిందనుకోండి, దాని వల్ల మా వృత్తి బాగుపడింది.

ఇక అసలు దగ్గరికి వద్దాం. 2007లో ఐఫోన్ వచ్చింది. దాని ప్రాసెసర్ తయారుచేసే అవకాశం ఇంటెల్‌కి వచ్చింది. అప్పటి సీఈవో పాల్ ఒటెలినీ వద్దన్నారు. పదవి వదిలే ముందు 2013లో ఆయనే చెప్పారు: ఆపిల్ ఇస్తామన్న ధర తాము వేసుకున్న తయారీ ఖర్చు కంటే తక్కువగా ఉండిందట. తర్వాత చూస్తే ఆ ఖర్చు అంచనాయే తప్పట, అమ్ముడైన సంఖ్య అందరూ ఊహించినదానికి నూరింతలట. ఐఫోన్ రావడానికి ముందు ఏడాదే ఇంటెల్ తన దగ్గరున్న, ఫోన్లలో వాడే ఆర్మ్ ప్రాసెసర్ల విభాగాన్ని మార్వెల్‌కి అమ్మేసింది. లాభం తక్కువ కదా!

దీన్ని డబ్బు నష్టంగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. వేఫర్ల లెక్కలో చూడండి. ప్రపంచంలో ఏడాదికి వంద కోట్లకు పైగా స్మార్ట్‌ఫోన్లు అమ్ముడుపోయే రోజులొచ్చాయి. వాటి మెదడు చిన్న చిప్. కొత్త ప్రాసెస్, అంటే కొత్త తరం తయారీ పద్ధతి, మొదలుపెట్టిన మొదటి నెలల్లో లోపాలు ఎక్కువగా ఉన్నప్పుడు నడపడానికి చిన్న చిప్ కంటే మంచిది లేదు. ఆ వేఫర్లు ఇతరుల చిప్‌లు తయారుచేసి ఇచ్చే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీకి వెళ్లాయి. 2014లో ఆపిల్ ఫోన్ చిప్‌లు ఆ కంపెనీకి మారడం మొదలైంది, 2016 నుంచి కొత్తవన్నీ దాని దగ్గరే తయారవుతున్నాయి. ప్రతి శరదృతువుకీ కొత్త ఐఫోన్ రావాల్సిందే, అంటే ప్రతి ఏడాదీ గడువులోగా ఫ్యాబ్ సిద్ధం కావాల్సిందే. నేర్చుకోవడానికి ఇంతకంటే కఠినమైన బడి ఇంకోటి లేదు. పీసీ అమ్మకాలు అప్పటికే నేల చూపులు చూస్తున్నాయి. శవపరీక్షలు ఎవరి బల్ల మీదికి మారాయో మీకు అర్థమయ్యే ఉంటుంది.

దీని ఫలితం వెంటనే కనపడలేదు. 2011లో ట్రాన్సిస్టర్‌ని, అంటే చిప్‌లోని బుల్లి స్విచ్‌ని, నిలువుగా లేపి కట్టే ఫిన్‌ఫెట్ పద్ధతిని ఉత్పత్తిలోకి తెచ్చింది ఇంటెలే, మిగతావాళ్లందరి కంటే ముందు. 14 నానోమీటర్ల ప్రాసెస్ దగ్గర కొంచెం తడబడింది. 10 నానోమీటర్ల దగ్గర పూర్తిగా ఇరుక్కుపోయింది. 2016లో రావాల్సినది పెద్ద ఎత్తున మార్కెట్లోకి వచ్చేసరికి 2019. ఒకే అడుగులో సాంద్రతని 2.7 రెట్లు చెయ్యాలనుకున్నారు. అంత సన్నటి గీతల్ని పాత 193 నానోమీటర్ల కాంతితో గియ్యాలంటే ఒకే పొరని నాలుగు విడతల్లో గీసుకోవాలి. దానికి తోడు కొన్ని తీగల్లో రాగి బదులు కోబాల్ట్ వాడారు. ఒకేసారి ఇన్ని కొత్త పనులు పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో వెతకడమే గగనం.

ఇందులో నాకు మరీ మింగుడుపడని విషయం ఒకటుంది. 13.5 నానోమీటర్ల కాంతితో గీసే ఈయూవీ యంత్రాన్ని ప్రపంచంలో తయారు చేసేది నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ ఒక్కటే. ఆ యంత్రం అభివృద్ధి కోసం 2012లో అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టింది ఇంటెల్. ఆ యంత్రంతో ముందుగా లాభపడింది టీఎస్ఎంసీ, శాంసంగ్. పాపం, చెరువు తవ్వించినవాడు దాహంతో ఉండిపోయాడు.

నానోమీటర్ల గురించి ఒక్క మాట. ఆ అంకె ఇప్పుడు చిప్‌లో ఏ వస్తువు కొలతా కాదు, వట్టి పేరు. 2021లో ఇంటెల్ తన మెరుగుపరచిన 10 నానోమీటర్ల ప్రాసెస్‌కి 'ఇంటెల్ 7' అని పేరు మార్చింది. టీఎస్ఎంసీ 7కి అది సమానమే కాబట్టి మోసం అనలేం. కానీ అంకెలు చూసి ఎవరు ముందున్నారో తేల్చేవాళ్లని నమ్మకండి.

సరే, ఫ్యాబ్ ఆలస్యమైతే డిజైనర్లు ఊరుకోవడమెందుకు, బయట చేయించుకోవచ్చు కదా అంటారు. అక్కడే ఒకే కప్పు కింద కాపురం ఉండటం దెబ్బతీసింది. ఇంటెల్ డిజైన్ బృందాలు తమ ఫ్యాబ్ కోసమే, తమ సొంత టూల్స్‌తో, ప్రతి ట్రాన్సిస్టర్‌నీ దగ్గరుండి కొలిచి కుట్టినట్టు చేసేవి. అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో ఆ పద్ధతిని మించింది లేదు. ఫ్యాబ్ ఆగిపోతే మాత్రం డిజైన్ కూడా ఆగిపోతుంది. కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం. 2015లో వచ్చిన స్కైలేక్ కోర్‌నే కొద్దిపాటి మార్పులతో 2020 దాకా డెస్క్‌టాప్‌లలో అమ్మారు. చివరికి 2021లో 10 నానోమీటర్ల కోసం చేసిన కోర్‌ని 14 నానోమీటర్లకు తిరగరాసి తెచ్చారు. అది ఎంత పెద్దదైపోయిందంటే, అంతకుముందు 10 కోర్లున్న పై మోడల్‌లో ఈసారి 8 కోర్లే పట్టాయి. కొత్త తరానికి కోర్లు తగ్గడం! ఇంకో సైజు మనిషికి కుట్టిన చొక్కాని ఎంత సర్దినా ఎక్కడో పట్టేస్తుంది.

ఇదే సమయంలో ఏఎండీ ఏం చేసిందో చూడండి. దానికీ ఒకప్పుడు సొంత ఫ్యాబ్‌లుండేవి. డబ్బుల్లేక 2009లో వాటిని విడదీసింది, అవి గ్లోబల్‌ఫౌండ్రీస్ అయ్యాయి. ఆ సంస్థ కూడా 2018లో 7 నానోమీటర్లు మా వల్ల కాదంది. ఏఎండీ తన కొత్త చిప్‌లకి టీఎస్ఎంసీ దగ్గరికి వెళ్లిపోయింది. ఇందాకటి యీల్డ్ లెక్క గుర్తుందా? పెద్ద చిప్ ఒకటి చేస్తే ఒక్క లోపంతో మొత్తం పోతుంది. ఏఎండీ సీఈవో లీసా సూ బృందం సర్వర్ ప్రాసెసర్‌ని 74 చదరపు మిల్లీమీటర్ల చిన్న ముక్కలుగా కోసి, మధ్యలో పాత ప్రాసెస్‌తో చేసిన ఇంకో ముక్క పెట్టి కలిపింది. వీటిని చిప్‌లెట్లంటారు. 2019లో అలా 64 కోర్ల సర్వర్ ప్రాసెసర్ వచ్చింది. ఆనాటి ఇంటెల్ మామూలు సర్వర్ చిప్‌లో 28 కోర్లుండేవి. ఏఎండీకి ఫ్యాబ్ లేకపోవడం బలం అయింది అనడం నాకిష్టం ఉండదు. వాళ్లు పేదరికంతో చేసిన పని అది. ఆ పేదరికం వల్ల వేరేవాడి వేఫర్ల అనుభవం మొత్తం వాళ్లకి అద్దెకి దొరికింది.

ఏఐ విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేదు. గ్రాఫిక్స్ చిప్ లారాబీ మధ్యలో ఆగిపోయింది. నెర్వానా అనే ఏఐ చిప్ కంపెనీని 2016లో కొన్నారు, 2019లో హబానా అనే ఇంకోదాన్ని కొని నెర్వానాని పక్కన పెట్టారు. హబానా నుంచి వచ్చిన గౌడీ చిప్‌లు 2024లో 50 కోట్ల డాలర్ల అమ్మకాల లక్ష్యాన్ని కూడా అందుకోలేదు. ఎన్విడియా బలం చిప్‌లో ఎంతో, 'క్యూడా' (CUDA) అనే సాఫ్ట్‌వేర్‌లో అంతకంటే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ అలవాటు పడితే జనం కదలరని ఇంటెల్‌కి తెలియంది కాదు. ఇటానియం పేరుతో కొత్త ప్రాసెసర్ తెచ్చి, పీసీ సాఫ్ట్‌వేర్ నడిచే తన సొంత ఎక్స్86 డిజైన్‌నే పక్కనపెట్టాలని చూస్తే జనం కదల్లేదు. 2003లో ఏఎండీ ఎక్స్86కే 64 బిట్లు తగిలిస్తే మరుసటి ఏడాది ఇంటెల్ కూడా దాన్నే అనుసరించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇంటెల్ చెయ్యాలనుకుంటున్నది ఇతరుల చిప్‌లు తన ఫ్యాబ్‌లో తయారుచెయ్యడం. 2021లో పాట్ గెల్సింగర్ సీఈవోగా వచ్చి, నాలుగేళ్లలో ఐదు ప్రాసెస్‌లు దాటతామన్నారు. ఇది మొదటిసారి కాదు. పదేళ్ల కింద కూడా ప్రయత్నించారు. అప్పట్లో పెద్ద కస్టమర్ ఆల్టెరా. ఇంటెల్ ఏం చేసింది? 2015లో 1,670 కోట్ల డాలర్లిచ్చి ఆ కస్టమర్‌నే కొనేసింది. మిగతా కస్టమర్లు దాన్ని చూసి ఏమనుకుని ఉంటారు!

ఇతరుల చిప్‌లు తయారుచేసి ఇచ్చే ఫ్యాబ్‌ని ఫౌండ్రీ అంటారు. దాని మీద ఆధారపడటమంటే ఎంత టెన్షనో అనుభవించినవాడిగా చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట మా ప్రాజెక్టులో ఫౌండ్రీ ఇచ్చే పీడీకే మధ్యలో మారింది. పీడీకే అంటే ఆ ఫ్యాబ్‌లో గీతకీ గీతకీ ఎంత ఎడం ఉండాలి, ట్రాన్సిస్టర్ ఎలా ప్రవర్తిస్తుంది అన్నీ చెప్పే నియమాల కట్ట. కొత్త వెర్షన్‌లో పై పొర తీగల మధ్య ఎడం కాస్త పెరిగింది. అంతే, పూర్తయిందనుకున్న లేఅవుట్‌లో వేల సంఖ్యలో ఎర్రర్లు. టేపౌట్ తేదీ, అంటే పూర్తయిన డిజైన్‌ని తయారీకి పంపే రోజు, పదకొండు వారాలు వెనక్కి పోయింది. ఆ ఫౌండ్రీ పేరు చెప్పను గానీ, తర్వాతి ప్రాజెక్టు వాళ్లకి ఇవ్వలేదు. టీఎస్ఎంసీ 1987లో పుట్టిన రోజు నుంచీ ఈ పనే చేస్తోంది. సొంత చిప్ ఒక్కటీ అమ్మదు, అంటే కస్టమర్‌తో పోటీ పడదు. ఏఎండీ తన రహస్య డిజైన్‌ని తీసుకెళ్లి ఇంటెల్ చేతిలో ఎందుకు పెడుతుంది? ఫ్యాబ్ ఎంత బాగున్నా ఈ ప్రశ్న పోదు.

అయితే చేతిలో ఏమీ లేదనడం కూడా అన్యాయం. ఇంటెల్ కొత్త ప్రాసెస్ 18ఏలో రెండు కొత్త విషయాలున్నాయి. ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారే దారిని, దాన్ని ఆపి వదిలే గేటు నాలుగు వైపులా చుట్టేస్తుంది. కరెంటు తీగలు వేఫర్ వెనక వైపు నుంచి వస్తాయి. ఇంతకాలం సంకేతాల తీగలూ కరెంటు తీగలూ ఒకే వైపు కిక్కిరిసి ఉండేవి. వెనక నుంచి కరెంటు ఇవ్వడంలో ఇంటెల్ టీఎస్ఎంసీ కంటే ముందుంది. చిప్ ముక్కల్ని పక్కపక్కన, ఒకదానిపై ఒకటి అతికే ప్యాకేజింగ్‌లో కూడా అది మేటి. 2024లో తన ల్యాప్‌టాప్ చిప్ లూనార్ లేక్‌లో ముఖ్యమైన ముక్కని టీఎస్ఎంసీ చేత చేయించుకున్న కంపెనీ, తర్వాతి తరం పాంథర్ లేక్ కంప్యూట్ ముక్కని మళ్లీ అరిజోనాలోని సొంత ఫ్యాబ్‌కి తెచ్చుకుంది.

ఇంకో బలం సిలికాన్‌లో లేదు, భూగోళంలో ఉంది. అత్యాధునిక ప్రాసెస్ పరిశోధనా ఉత్పత్తీ రెండూ అమెరికాలోనే చేస్తున్న అమెరికన్ కంపెనీ ఇదొక్కటే. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే సుమారు 10 శాతం వాటా తీసుకుంది, విలువ 890 కోట్ల డాలర్లు. సెప్టెంబరులో ఎన్విడియా 500 కోట్ల డాలర్లు పెడతానంది. అవన్నీ డబ్బులే, వేఫర్లు కావు. సర్కారు వాటా తీసుకుంటే యీల్డ్ పెరగదు.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి... ఆయన అడుగుతున్నదేమిటంటే, ఇంటెల్ కోలుకుంటుందా లేదా బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి అని.

షేరు ధర చూసి తెలుసుకోలేం. 18ఏ చిప్‌లు మార్కెట్లోకి రావడం కూడా చాలదు, అవి ప్రధానంగా సొంత చిప్‌లే. నేను చూసేది దాని తర్వాతి ప్రాసెస్ 14ఏని. 2024 డిసెంబరులో గెల్సింగర్ వెళ్లిపోయాక 2025 మార్చిలో లిప్-బూ టాన్ వచ్చారు. ఆ జులైలో కంపెనీ తన అధికారిక నివేదికలోనే రాసింది, 14ఏకి పెద్ద బయటి కస్టమర్ దొరక్కపోతే ఆ పనిని ఆపేయడమో, పూర్తిగా వదిలేయడమో చెయ్యొచ్చని. ఇంత సూటిగా ఇంటెల్ ఇంతకుముందెప్పుడూ రాయలేదు. కాబట్టి ఎవరైనా ఒక పెద్ద ఫోన్ చిప్ కంపెనీయో, ఏఐ చిప్ కంపెనీయో 'మా వచ్చే చిప్ 14ఏలో' అని పేరు పెట్టి చెప్పిన రోజు నాకు ఫోన్ చెయ్యండి. పెట్టుబడి ప్రకటనకి వద్దు. టేపౌట్ ప్రకటనకి చెయ్యండి.